ఊపిరితిత్తుల కోసం తీసిన స్కాన్‌లో గుండె జబ్బు

సంక్షిప్తంగా: ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి (స్క్రీనింగ్ కోసం) తీసే తక్కువ మోతాదు సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులే కాక గుండె, బృహద్ధమని, వెన్నుపూసలు, కాలేయం పైభాగం, థైరాయిడ్ కిందికొస కూడా పడతాయి. అలా కంటపడే ఇతర జబ్బుల్లో గుండె రక్తనాళాల్లో పేరుకున్న సున్నం, ఊపిరితిత్తుల్లో గాలిసంచులు చితికిపోవడం అన్నింటికంటే ఎక్కువ విలువైన సమాచారం, ఎందుకంటే వాటికి చేయగలిగిన వైద్యం ఉంది, పొగతాగేవారిలో అవి తరచుగా ఉంటాయి. మిగిలిన వాటిలో చాలావరకు ప్రాణానికి ముప్పు లేనివే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చుట్ట, కట్టెల పొయ్యి, పాత టీబీ, ఉద్దానం కిడ్నీ జబ్బు కలిసి ఈ లెక్కను కొంత మారుస్తాయి.

ఒక్క ఊపిరిలో తీసే చిత్రం

స్కాన్ గదిలో మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టించి, నిండుగా గాలి పీల్చి బిగబట్టమంటారు. బల్ల ఆ వలయంలోంచి జరిగి వెళ్లే కొన్ని సెకన్లలో పని పూర్తవుతుంది. సూది ఉండదు, నరంలోకి రంగు మందు ఎక్కించరు. మెడ మొదలు నుంచి పొట్ట పైభాగం దాకా ఉన్న శరీరమంతా పల్చని అడ్డుకోతలుగా, వందల చిత్రాలుగా కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. ఊపిరితిత్తులను మాత్రమే తీసి, పక్కనున్న గుండెను వదిలేయడం ఈ యంత్రానికి కుదరదు. అందుకే వెతకని జబ్బులు కూడా కనబడతాయి.

మామూలు ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, రక్తనాళాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడగా వస్తాయి. సీటీలో ఒక్కో చుక్కకూ విడిగా సాంద్రత కొలత ఉంటుంది. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ కొలమానాన్ని పిలుస్తారు. అందులో నీటికి విలువ సున్నా, గాలికి మైనస్ 1000. కొవ్వు సుమారు మైనస్ 100 దగ్గర, ఎముక సున్నాకు ఎన్నో వందల పైన ఉంటాయి. గాలి ఎక్కువైన ఊపిరితిత్తి, కొవ్వు పట్టిన కాలేయం, సున్నం పట్టిన రక్తనాళం అన్నీ ఈ అంకెల తేడాల్లోనే బయటపడతాయి.

స్క్రీనింగ్ స్కాన్‌లో రేడియేషన్ సుమారు 1.5 మిల్లీసీవర్ట్ ఉంటుంది. మామూలు ఛాతీ సీటీలో అది సుమారు 7, ఛాతీ ఎక్స్‌రేలో 0.1. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి సహజంగానే అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్. అంటే స్క్రీనింగ్ స్కాన్ మోతాదు ఏడాది సహజ మోతాదు కంటే తక్కువే. అయితే మోతాదు తగ్గించినందుకు చిత్రం కొంత గరుకుగా వస్తుంది. గాలి నిండిన నల్లటి ఊపిరితిత్తిలో చిన్న తెల్లని మచ్చ ఆ గరుకులోనూ స్పష్టంగానే తెలుస్తుంది, సున్నం ఇంకా బాగా తెలుస్తుంది. కాలేయం, కిడ్నీ వంటి మెత్తని అవయవాల్లో ఒక బూడిద రంగుకు పక్కనే మరో బూడిద రంగు ఉంటుంది కాబట్టి, పైగా రంగు మందు కూడా లేదు కాబట్టి, అక్కడ అనుమానాలు రేగినంత సులువుగా తీరవు. ఒకే స్కాన్ గుండె విషయంలో గట్టిగా, కాలేయం విషయంలో మెల్లగా మాట్లాడటానికి కారణం ఇదే.

స్క్రీనింగ్ ఎలా స్థిరపడింది

ఎక్స్‌రేతోనే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందుగా పట్టవచ్చన్న ఆశ చాలాకాలం ఉండేది. అమెరికాలో 1,54,901 మందితో జరిగిన పీఎల్‌సీఓ అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాక ఆ ఆశ పోయింది. ఏటా ఎక్స్‌రే తీసినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. అదే సంవత్సరం వెలువడిన ఎన్ఎల్ఎస్‌టీ అధ్యయనంలో, ఎక్కువగా పొగతాగిన 53,454 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తక్కువ మోతాదు సీటీ, రెండో గుంపుకు ఎక్స్‌రే తీశారు. సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగి 2020లో ఫలితాలు ప్రకటించిన నెల్సన్ అధ్యయనంలో పదేళ్లకు మగవారిలో ఆ తగ్గుదల 24 శాతం. వీటి ఆధారంగానే అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, 20 ప్యాక్-ఇయర్లు (అంటే రోజుకు ఒక సిగరెట్టు పెట్టె చొప్పున 20 ఏళ్ల లెక్క) పొగతాగి, ఇంకా తాగుతున్నవారికి గానీ మానేసి 15 ఏళ్లు దాటనివారికి గానీ ఏటా స్కాన్ తీయాలని 2021లో సిఫారసు చేశారు. ఇంగ్లండ్‌లో 55 నుంచి 74 ఏళ్లవారికి దశలవారీ కార్యక్రమం నడుస్తోంది.

మన దేశంలో అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం తరఫున చేసే పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు, బీపీకి, షుగర్‌కు పరిమితం. కాబట్టి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒకరి చేతిలో ఛాతీ స్కాన్ రిపోర్టు ఉందంటే అది సాధారణంగా వదలని దగ్గుకో, హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగానో, కోవిడ్ కాలంలోనో తీసినదై ఉంటుంది. తీసిన కారణం ఏదైనా, అందులో పడే అవయవాలు అవే. కళ్లెలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అది స్క్రీనింగ్ విషయం కాదు, వెంటనే పూర్తి వైద్యపరీక్ష జరగాల్సిన విషయం.

గుండె మీద తెల్లని గీతలు

ఎన్ఎల్ఎస్‌టీలో పాల్గొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయినవారు ఎందరో, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు కూడా ఇంచుమించు అందరే. క్యాన్సర్ కోసం స్కాన్ తీసిన మనిషిని గుండెపోటు తీసుకుపోయే అవకాశం అంత ఉన్నప్పుడు, అదే స్కాన్‌లో గుండె గురించి ఉన్న సమాచారాన్ని చదవకుండా వదిలేయడం సమర్థించుకోలేని పని.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని, వాపు ఏర్పడి, మానుతూ రేగుతూ ఉండే క్రమంలో అక్కడ కాల్షియం చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న ధమని గోడలో సున్నం ఉండదు. అందువల్ల స్కాన్‌లో గుండె చుట్టూ చిన్న తెల్లని చుక్కలు, రైలు పట్టాల్లాంటి గీతలు కనబడితే ధమనుల్లో జబ్బు మొదలైందనడానికి అవి నేరుగా సాక్ష్యం. దీన్ని అంకెల్లో చెప్పే పద్ధతిని ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం 1990లో ప్రతిపాదించింది. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటిన ప్రతి చుక్కనూ లెక్కలోకి తీసుకుని స్కోరు కడతారు. సున్నా అంటే సున్నం లేదు, 100 దాటితే శ్రద్ధ పెట్టాల్సిన స్థాయి, 400 దాటితే తీవ్రం.

స్కోరు కోసమే తీసే స్కాన్‌ను ఈసీజీతో జతచేసి, గుండె కొట్టుకోవడంలో నిశ్చలంగా ఉండే క్షణం చూసి తీస్తారు. ఊపిరితిత్తుల స్కాన్‌లో ఆ ఏర్పాటు లేదు కాబట్టి గుండె కాస్త చెదిరినట్టు వస్తుంది. అయినా లేదు, కొద్దిగా ఉంది, మధ్యస్థం, ఎక్కువ అని నాలుగు మెట్లుగా కంటితో చెప్పడానికి రేడియాలజిస్టుకు ఆ చిత్రం సరిపోతుంది. సున్నాన్ని తనంతట తానే కొలిచే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా వస్తున్నాయి.

ఈ సమాచారం ఏ నిర్ణయాన్ని మారుస్తుందో, దేన్ని మార్చదో తెలియక చాలామంది తికమకపడుతున్నారు. మధ్యస్థంగానో ఎక్కువగానో సున్నం ఉంటే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వల్ల లాభం ఎక్కువ, బీపీ, షుగర్ అదుపులో పెట్టాల్సిన అవసరం ఎక్కువ, పొగ మానడం అన్నింటికంటే ముఖ్యం. ఇవన్నీ మండల కేంద్రంలో ఉన్న వైద్యుడు కూడా మొదలుపెట్టగలిగిన పనులు. అంతేగానీ సున్నం కనబడినంత మాత్రాన నాళం మూసుకుపోయిందని అర్థం కాదు. ఎన్ని శాతం అడ్డు ఉందన్నది ఈ స్కాన్ చెప్పదు. ఛాతీలో నొప్పి, నడిస్తే బిగువు, మెట్లెక్కితే ఆయాసం లాంటి లక్షణాలు ఏవీ లేని మనిషికి సున్నం ఒక్కటే చూసి నేరుగా యాంజియోగ్రామ్, స్టెంట్ అనడం సబబు కాదు. లక్షణాలు ఉన్నవారి సంగతి వేరు, వారిని గుండె వైద్యుడు చూడాలి.

రెండో వైపు కూడా ఒక పొరపాటు జరుగుతోంది. సున్నం లేదని రిపోర్టులో ఉంటే గుండె భద్రమన్న ధీమా వస్తుంది. సున్నం ఇంకా పట్టని మెత్తని కొవ్వు పూడిక ఈ స్కాన్‌లో కనబడదు. అందుకే 2018లో వచ్చిన అమెరికా గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలు, స్కోరు సున్నా అయినా పొగతాగేవారి విషయంలో, షుగర్ ఉన్నవారి విషయంలో స్టాటిన్ వాయిదా వేసే వెసులుబాటు ఇవ్వలేదు.

ఆయాసం వయసు వల్లేనా

చుట్టో బీడీయో ముప్పై ఏళ్లు తాగిన మనిషి, అరవై దాటాక పొలం గట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగితే, ఇంట్లోవాళ్లు దాన్ని వయసు ఖాతాలో వేస్తారు. స్కాన్‌లో ఆ మనిషి ఊపిరితిత్తుల పైభాగాలు చూస్తే, చిమటలు కొట్టిన గుడ్డలా నల్లని చిల్లులు కనబడవచ్చు. గాలిసంచుల మధ్య గోడలు కరిగిపోయి పెద్ద పెద్ద ఖాళీలుగా మారడమే ఎంఫిసీమా. కంప్యూటర్ లెక్కలో మైనస్ 950 కంటే కిందికి పడిపోయిన భాగాలు ఇవి. పోయిన గోడలు తిరిగి కట్టుకోవు.

ఎన్ఎల్ఎస్‌టీలో సీటీ తీయించుకున్నవారిలో సుమారు మూడోవంతు మందిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధం లేని, చెప్పుకోదగ్గ మరో విషయం కనీసం ఒక్కసారైనా కనబడింది. ఎక్కువసార్లు కనబడినది ఎంఫిసీమాయే. అది కనబడ్డాక చేయాల్సింది ఖరీదైన పరీక్ష కాదు. గొట్టంలోకి బలంగా ఊది చూసే స్పైరోమెట్రీ చాలు. స్కాన్ ఊపిరితిత్తి ఆకారం చెబితే, స్పైరోమెట్రీ అది ఎంత పనిచేస్తోందో చెబుతుంది. గాలి బయటికి రావడం తగ్గిందని తేలితే సీఓపీడీ, అంటే ఊపిరి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు, నిర్ధారణ అవుతుంది. ఇన్‌హేలర్‌తో ఆయాసం తగ్గుతుంది, ఫ్లూ, న్యుమోనియా టీకాలతో ఆసుపత్రి పాలయ్యే సందర్భాలు తగ్గుతాయి. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందన్న భయం జిల్లాల్లో గట్టిగా ఉంది. అది నిజం కాదు. ఆ భయంతో పంపు పక్కనపెట్టి, ఊపిరి అందనప్పుడల్లా ఇంజక్షన్ కోసం పరుగెత్తడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. ఎంఫిసీమా ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా లేనివారికంటే ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క మాట తర్వాతి స్కాన్ అవసరాన్ని నిర్ణయించడంలోనూ పనికొస్తుంది.

పాత టీబీ గుర్తులు, రాతి దుమ్ము

ఎన్ఎల్ఎస్‌టీ అధ్యయనంలో సీటీ పరీక్షల్లో 24.2 శాతం అనుమానాస్పదంగా వచ్చాయి. వాటిలో 96.4 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలింది. నెల్సన్ అధ్యయనం మచ్చ వెడల్పుకు బదులు ఘనపరిమాణాన్ని, అది పెరిగే వేగాన్ని లెక్కలోకి తీసుకుంది. సందేహంగా ఉన్నవారికి కొంతకాలం తర్వాత మళ్లీ స్కాన్ తీసి పోల్చడంతో, చివరికి అనుమానాస్పదమని తేల్చిన పరీక్షలు 2.1 శాతానికి దిగాయి. ఒకే యంత్రం, చదివే పద్ధతి మారితే ఇంత తేడా.

ప్రపంచ టీబీ కేసుల్లో సుమారు నాలుగోవంతు మన దేశంలోనివే. ఎప్పుడో వచ్చి మానిన టీబీ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చగా, సున్నం పట్టిన గుండులా, ముడుచుకున్న చారలా మిగిలిపోతుంది. టీబీ వచ్చిందనే తెలియకుండా మానిపోయినవారిలో కూడా ఇవి ఉంటాయి. పాశ్చాత్య దేశాల కొలతలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు వాడితే అనవసరంగా సూది గుచ్చి ముక్క తీసే పరీక్షలకు వెళ్లేవారి సంఖ్య పెరుగుతుంది. అదే సమయంలో, చెట్టు చిగుళ్లలా విచ్చుకున్న చిన్న చుక్కలు, గోడ మందమైన గుల్ల వంటివి కనబడితే ఇప్పుడు నడుస్తున్న టీబీని అనుమానించాలి. అక్కడ కళ్లె పరీక్ష తేల్చేస్తుంది, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఇంట్లోని పిల్లలకు అంటకుండా ఆపవచ్చు. స్కాన్‌లో అనుకోకుండా బయటపడే జబ్బుల్లో ఒక మనిషికి కాక ఇంటిల్లిపాదికీ మేలు చేసేది ఇదొక్కటే.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, రాయి కోసే షెడ్లలో పనిచేసినవారి స్కాన్‌ను వారి పని తెలియకుండా చదివితే పొరపాటు జరగవచ్చు. గ్రానైట్ దుమ్ములో ఉండే సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ కూడా ఊపిరితిత్తి పైభాగాల్లోనే చిన్న చిన్న గుండ్లుగా కనబడుతుంది, టీబీలాగే ఉంటుంది, పైగా టీబీ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. స్కాన్ కాగితం మీద వయసు, లింగంతో పాటు "ఇరవై ఏళ్లు రాళ్లు కోశాడు" అన్న ఒక్క మాట రాసి పంపితే రేడియాలజిస్టు చదివే తీరే మారుతుంది.

తక్కిన అవయవాలు

బృహద్ధమని వెడల్పును స్కాన్‌లో స్కేలు పెట్టినంత సులువుగా కొలవవచ్చు. గుండె నుంచి పైకి లేచే భాగం 4 సెంటీమీటర్లు దాటి ఉబ్బితే బీపీని గట్టిగా అదుపులో పెట్టి, నిర్ణీత కాలానికి మళ్లీ కొలుస్తారు. 5.5 దగ్గరికి వస్తే సాధారణంగా ఆపరేషన్ ఆలోచిస్తారు. చిట్లేదాకా లక్షణాలే ఇవ్వని జబ్బు కాబట్టి ఇది అరుదుగా కనబడినా విలువైనది.

వెన్నుపూసల్లో ఒకటి ముందువైపు నొక్కుకుపోయి ముక్కోణంలా ఉంటే, ఎముక గుల్లబారి ఎప్పుడో విరిగిందని అర్థం. నడుం వంగిన అరవై ఏళ్ల ఆడవారిలో ఇది నడుంనొప్పి పేరుతో మాత్రలు మింగుతూ గడిచిపోతుంది. ఒక పూస అలా విరిగినవారికి మరోటి, తుంటి కూడా విరిగే ముప్పు ఎక్కువ, దాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. కాలేయం విలువ 40 యూనిట్ల కంటే పడిపోతే కొవ్వు గణనీయంగా పట్టినట్టు. షుగర్ పరీక్ష చేయించుకోవడానికి అదొక కారణం అవుతుంది.

థైరాయిడ్ దగ్గర మాత్రం ఆచితూచి వెళ్లాలి. చిన్న గడ్డలు ఎంతోమందిలో ఉంటాయి, అత్యధికం హానిలేనివి. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్‌తో థైరాయిడ్ పరీక్షలు విస్తరించాక, 2011 నాటికి ఆ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం మారలేదు. వేలమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్ర మీద బతకాల్సి వచ్చింది. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి మీది చిన్న బుడిపెలు, కాలేయంలోని నీటి తిత్తులు కూడా ఎక్కువగా ఈ కోవలోవే.

ఉద్దానంలో అదనపు జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, కారణం ఇప్పటికీ తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఛాతీ స్కాన్‌లో కిడ్నీల పైకొసలు పడతాయి కదా, ఈ జబ్బు అందులో తెలియదా అన్న సందేహం రావడం సహజం. తెలియదు. కిడ్నీ ఎంత వడపోస్తోందో రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చెబుతాయి. కిడ్నీ కుంచించుకుపోయి చిత్రంలో తేడా కనబడే వేళకు జబ్బు చాలా దూరం వెళ్లి ఉంటుంది.

ఉద్దానం మనిషికి అసలు చిక్కు స్కాన్‌తో కాదు, స్కాన్ తర్వాత వచ్చేదానితో. మొదటి స్కాన్‌లో రంగు మందు లేదు, కిడ్నీకి హాని లేదు. అందులో కాలేయంలోనో అడ్రినల్‌లోనో ఏదో కనబడిందని, రంగు మందు ఎక్కించి రెండో స్కాన్ తీయమంటారు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవారికి ఆ మందు వల్ల మరింత దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. తనకు కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. కాబట్టి ఈ మండలాలవారు రెండో స్కాన్‌కు ముందు క్రియాటినిన్ చూపించుకోవడం, ఊరి పేరు డాక్టరుకు చెప్పడం తప్పనిసరి అనుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో రక్తనాళాలకు సున్నం త్వరగా, ఎక్కువగా పడుతుంది, వారిని ఎక్కువగా బలిగొనేది కూడా గుండె జబ్బే. అందుచేత అలాంటివారి స్కాన్‌లో గుండె మీది తెల్లని గీతలను కిడ్నీ వైద్యుడికి కూడా చూపించాలి.

ప్యాక్ లెక్కకు అందని చుట్ట

రోజుకు ఒక పెట్టె, అంటే 20 సిగరెట్లు, ఏడాదిపాటు తాగితే ఒక ప్యాక్-ఇయర్. ఈ లెక్క సిగరెట్టు పెట్టెలో అమ్ముడుపోయే దేశాలకు సరిపోయింది. ఇంట్లోనో వీధి చివరో చుట్టుకున్న చుట్ట ఒకటి లావు, ఒకటి సన్నం. రోజుకు నాలుగు తాగితే ఎన్ని సిగరెట్ల పెట్టు అన్నదానికి స్థిరమైన కొలత లేదు.

పైగా ఈ తీరంలో చుట్ట తాగే పద్ధతే వేరు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ గురించి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి రాసిన అధ్యయనం 1971లోనే అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చింది. ఆడవారిలో ఎక్కువగా ఉండే ఈ అలవాటు వల్ల వేడి నేరుగా అంగిలికి తగిలి అక్కడ క్యాన్సర్ వస్తుంది. అంగిలి ఛాతీ స్కాన్‌లో పడదు. ఏ యంత్రమూ లేకుండా, నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే కనబడుతుంది. అడ్డపొగ తాగే మనిషికి ఊపిరితిత్తుల స్కాన్ తీసి నోరు చూడకుండా పంపితే, ఎక్కువ ముప్పున్న చోటును వదిలేసినట్టే.

ఆడవారి విషయంలో ఇంకో లోటు ఉంది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ రావడానికి ముందు, వచ్చిన తర్వాత కూడా ఎన్నో ఏళ్లు, కిటికీ లేని వంటింట్లో కట్టెలు, జీడి కంప, తాటాకు మండించి వండినవారు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. సిగరెట్టు ముట్టనివారైనా సీఓపీడీ వచ్చినవారు వీరిలో ఉన్నారు. ప్యాక్-ఇయర్ల లెక్కలో వీరి అంకె సున్నా. రేపు మన దగ్గర స్క్రీనింగ్ మొదలై, అర్హతలు పడమటి దేశాల నుంచి తెచ్చుకుంటే, వీరు గుమ్మం బయటే ఉండిపోతారు.

రిపోర్టులో ఆ వాక్యం ఎక్కడుంటుంది

స్కాన్ రిపోర్టు సాధారణంగా రెండు భాగాలు. పైన అవయవాల వారీగా కనబడినదంతా వివరంగా రాస్తారు. కింద "ఇంప్రెషన్" అన్న శీర్షికతో రెండు మూడు ముక్కల్లో తేలుస్తారు. దగ్గుకు తీసిన స్కాన్‌లో ఇంప్రెషన్ కింద "ఊపిరితిత్తుల్లో అనుమానాస్పద గడ్డలు లేవు" అని ఉంటే అందరి కళ్లూ అక్కడే ఆగి, మనసు తేలికపడి, కవరు బీరువాలోకి వెళ్లిపోతుంది. పై భాగంలో ఎనిమిదో వరుసలోనో తొమ్మిదో వరుసలోనో "కరోనరీ ధమనుల్లో కాల్సిఫికేషన్ ఉంది" అన్న వాక్యం చదివినవారు ఉండరు. కొన్నిసార్లు ఆ వాక్యం రాయనే రాయరు.

ఈ జారుడును అరికట్టడానికే అమెరికా రేడియాలజీ కాలేజీ రూపొందించిన లంగ్-ర్యాడ్స్ పద్ధతిలో, ఊపిరితిత్తుల మచ్చకు ఇచ్చే అంకె పక్కనే, ఇతర ముఖ్యమైన విషయం కనబడితే "ఎస్" అన్న అక్షరం వేయాలి. ఇంగ్లండ్ కార్యక్రమంలో అనుకోకుండా కనబడే వాటిలో దేన్ని రాయాలి, దేన్ని ఎవరికి పంపాలి అన్నది ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. ప్రతి చిన్న తిత్తినీ రాస్తే మనిషి భయంతో పదిచోట్ల తిరుగుతాడు. అసలేదీ రాయకపోతే గుండెపోటు వచ్చాక పాత ఫిల్ములో తెల్లని గీతలు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్లు దాటిన దారి, ఒక రోజు కూలి, తోడు వచ్చే మనిషి మరో కూలి. కనబడినదాన్ని రాసేటప్పుడు అది ఎంత తొందరగా, ఎవరికి, ఎక్కడ చూపించాలో కూడా అదే వరుసలో రాసి ఉంటే ఆ ప్రయాణాల్లో సగం శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనే ఆగిపోతాయి. గుండె సున్నానికి, ఎంఫిసీమాకు అయితే చాలావరకు అంత దూరం కూడా అక్కర్లేదు.

2021 వేసవిలో, కోవిడ్ రెండో విడతలో, ఈ జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఎవరో ఒకరికి ఛాతీ సీటీ తీశారు. అప్పుడు అందరూ అడిగింది ఒక్కటే, "25కి ఎంత స్కోరు?" ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే ఆ అంకె చూసి, మనిషి కోలుకున్నాక కవరు అటక మీదికి చేరింది. ఆ ఫిల్ముల్లో గుండె ఉంది, వెన్నుపూసలు ఉన్నాయి, ఊపిరితిత్తుల్లో అప్పటికే ఉన్న మచ్చలు ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా తీసిన స్కాన్‌లో గట్టి మచ్చ ఒకటి కనబడి, అదే మచ్చ అదే పరిమాణంలో 2021 ఫిల్ములో కూడా ఉందనుకుందాం. గట్టి మచ్చ రెండేళ్లకు పైగా పెరగకుండా ఉంటే అది క్యాన్సర్ కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ, మళ్లీ మళ్లీ స్కాన్లు తీసే అవసరం సాధారణంగా తప్పుతుంది. పోల్చడానికి రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఫిల్ము గానీ సీడీ గానీ కావాలి. పరీక్షకు బయల్దేరే ముందు ఆ పాత కవరును దింపి, దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకోవాలి.